పొదుపు - ఎవరి చాకిరీ?

2021 నవంబరులో గ్లాస్గోలో జరిగిన వాతావరణ సదస్సులో మన ప్రధానమంత్రి 'పర్యావరణం కోసం జీవనశైలి' అనే నినాదాన్ని ప్రతిపాదించారు. ఇంగ్లీషు పొడి అక్షరాల్లో అది 'లైఫ్' అయింది. 2022 అక్టోబరు 20న గుజరాత్‌లోని ఏక్తానగర్‌లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి సమక్షంలో 'మిషన్ లైఫ్' మొదలైంది. ఒక్కో మనిషి రోజువారీగా చేయగలిగిన పనులంటూ ఏడు శీర్షికల కింద 75 పనుల జాబితా వచ్చింది. బజారుకి గుడ్డసంచీ తీసుకెళ్ళండి, తడిచెత్తా పొడిచెత్తా వేరు చేయండి, వంటింటి వ్యర్థాలతో ఇంట్లోనే ఎరువు తయారుచేయండి, పాత బట్టలు ఎవరికైనా ఇవ్వండి, అన్నం వృథా కాకుండా చిన్న పళ్ళేల్లో తినండి, ఇలాంటివి. మంచి మాటలే. వీటిలో ఒక్కదాన్నీ కాదనడానికి నేనీ వ్యాసం రాయడం లేదు.

సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి నా కన్ను ముందు వాక్యం మీద పడుతుంది. ఇలాంటి జాబితాల్లో వాక్యాలన్నీ 'చేయండి'తో ముగుస్తాయి. తెలుగులో ఆ వాక్యానికి కర్త కనిపించనక్కర్లేదు. ఎవరు చేయాలి? ఇంట్లో చెత్త వేరు చేసేదెవరు? కూరగాయల తొక్కలు ఏ డబ్బాలో పడాలో రోజూ గుర్తుపెట్టుకునేదెవరు? మిగిలిన అన్నం సంగతి చూసేదెవరు? కర్త ఎవరో అందరికీ ముందే తెలుసు. అందుకే చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఇదే మాటని కాస్త గర్వం కలిపి ఇంకోలా చెప్పేవాళ్ళూ ఉన్నారు. "ఇవన్నీ కొత్తగా ఎవరో నేర్పాలా? మన అమ్మమ్మలూ నాయనమ్మలూ చేసినవేగా!" సభల్లో ఈ వాక్యానికి చప్పట్లు పడతాయి. చేసిన మాట నిజమే. కానీ 'చేశారు' అన్న ఒక్క క్రియ కింద ఎంత పని, ఎవరి పని, ఎవరికి జీతం లేని పని అణిగి ఉందో ఆ వాక్యం చెప్పదు. మన ఇళ్ళల్లో పారేయకుండా బతికిన కాలానికి ఒక చరిత్ర ఉంది. దాన్ని అలవాట్ల చరిత్రగా కాక పని చరిత్రగా చదివితే ఏం కనిపిస్తుందన్నదే నా ఆసక్తి.

బూడిదతో మొదలుపెడతాను. కృష్ణాజిల్లాలో మా అమ్మమ్మ ఇంట్లో కట్టెల పొయ్యి ఉండేది. పొద్దున్నే పొయ్యిలోంచి బూడిద తీసి జల్లించి ఒక పాత డబ్బాలో పోసేవారు. అంట్లు తోమడానికి అది, దానికి తోడు కొబ్బరి పీచు. ఇత్తడి, రాగి సామానుకి చింతపండు గుజ్జు. పిడకల కచ్చిక పళ్ళు తోముకోడానికి. విత్తనాల్లో పురుగు పట్టకుండా బూడిద, దొడ్లో వంగమొక్కల మీద చల్లడానికి బూడిద. కట్టె బూడిదలో ఉండే క్షారం జిడ్డుని వదిలిస్తుంది, కాబట్టి దాని పని అది నిజంగానే చేసేది. ఒక్క చెంచాడు రసాయనం లేదు, ఒక్క ప్లాస్టిక్ పొట్లం లేదు. ఇప్పటి లెక్కల్లో ఆ ఇంటికి వందకి వంద మార్కులు వేయొచ్చు.

అయితే ఆ బూడిద పొయ్యిలోకి ఎలా వచ్చింది? కట్టెలు ఎవరో మోసుకొచ్చారు. పిడకలు ఎవరో చేశారు. పశువుల వెనకాల గంప పట్టుకుని తిరిగి పేడ ఎత్తుకొచ్చే పని మన పల్లెల్లో ఎక్కువగా ఆడపిల్లలది. ఆ పిల్లలు బడికి వెళ్ళలేదు. శాంతా సిన్హా, ఆమెతో పనిచేసిన ఎం.వి. ఫౌండేషన్ వాళ్ళు రంగారెడ్డి జిల్లాలో తొంభైల్లో పనిచేస్తూ ఒక గట్టి మాట అన్నారు: బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే, ఇంటి పనైనా సరే. కూలి లేని పనిని అప్పటిదాకా పనిగా లెక్కపెట్టని మన ఆలోచనని ఆ నిర్వచనం కదిలించింది. పిడక 'పునరుత్పాదక ఇంధనం' అని పాఠ్యపుస్తకంలో చదువుతాం. పేడ ఏరిన పిల్ల ఆ పుస్తకం ఎప్పుడూ తెరవలేదు.

ఇక పొగ. ఊదుడు గొట్టం పట్టుకుని కళ్ళనీళ్ళు కారుస్తూ వంట చేసిన ఆడవాళ్ళ బొమ్మ మన కథల్లో ఎంత సాధారణమంటే దాన్ని వర్ణన అనుకుని దాటిపోయాం. అది జబ్బు. కట్టెలు, పిడకల పొగ ఊపిరితిత్తులని పాడుచేస్తుందని వైద్యశాస్త్రం దశాబ్దాలుగా చెబుతోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో 'దీపం' పథకం కింద పేద స్త్రీలకు గ్యాస్ కనెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టారు. దేశమంతటికీ 2016లో 'ఉజ్జ్వల' వచ్చింది. గ్యాస్ భూమిలోంచి తీసిన ఇంధనం, కట్టె చెట్టు నుంచి వచ్చింది. ఒక్క కర్బనం లెక్కే చూస్తే కట్టెల పొయ్యి నయమని వాదించేవాళ్ళు ఉంటారు. ఆ లెక్కలో వంట చేసేమనిషి ఛాతీ లేదు.

పట్నాల్లో మధ్యతరగతి ఇళ్ళల్లో బొగ్గుల కుంపటి, పొట్టు పొయ్యి ఉండేవి. పొట్టు పొయ్యి ఈ తరానికి తెలియకపోవచ్చు. కలప అడితీలో పారబోసే రంపపు పొట్టు తెచ్చి, పొయ్యి మధ్యలో ఒక సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు దట్టంగా కూరి, సీసాని మెల్లగా పైకి లాగేవారు. పొద్దున వంట కోసం రాత్రే కూరాలి. పొట్టు సరిగ్గా దిగకపోతే మధ్యలో కూలిపోయేది. వ్యర్థాన్ని ఇంధనంగా మార్చడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. మా అమ్మ మాత్రం గ్యాస్ వచ్చిన రోజుని తన పెళ్ళిరోజు కన్నా బాగా గుర్తుపెట్టుకుంది.

అమెరికా ఇళ్ళ చరిత్ర రాసిన రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో 'మోర్ వర్క్ ఫర్ మదర్' అనే పుస్తకం తెచ్చారు. కొత్త యంత్రాలు ఇంటిపనిలో మగవాళ్ళూ పిల్లలూ చేసే వాటాని తీసేశాయి గానీ ఇల్లాలి పని తగ్గించలేదని, శుభ్రత మీద ఆశలు పెరిగి ఆమె మీదే ఇంకా పడిందని ఆమె చూపించారు. మన దగ్గర అది అచ్చంగా అలాగే జరగలేదు. ఇక్కడ కట్టెలు కొట్టే మగవాళ్ళున్న ఇళ్ళూ ఉన్నాయి, అదీ ఆడవాళ్ళే చేసుకున్న ఇళ్ళూ ఉన్నాయి. కానీ ఆమె అడిగిన ప్రశ్న మనకీ పనికొస్తుంది: ఒక వస్తువు ఇంట్లోకి వచ్చినప్పుడు, లేక వెళ్ళిపోయినప్పుడు, ఎవరి గంటలు మారాయి?

కుంకుడుకాయల సంగతీ అంతే. ఇప్పుడు వాటి పొడి అందమైన పొట్లాల్లో 'ప్రకృతి సహజం' అనే ముద్రతో దొరుకుతోంది. అప్పట్లో తలంటు రోజున కుంకుళ్ళు కొట్టి, గింజలు తీసి, వేణ్ణీళ్ళలో నానేసి, పిసికి, వడకట్టి, ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమందికీ తలలు రుద్దిన చేతులు ఒకటో రెండో. ఆ రసం కంట్లో పడి పిల్లలు ఏడవడం గుర్తుంది అందరికీ. కొట్టినవాళ్ళ అరచేతులు గుర్తున్నాయా?

ఈ పనంతా ఎప్పుడు 'గుణం'గా మారిందో తెలుసుకోవాలంటే మన పాత స్త్రీల పత్రికల దగ్గరికి వెళ్ళాలి. వీరేశలింగం గారి 'సతీహితబోధిని' 1883 నాటిది. 1902లో 'హిందూసుందరి', 1928లో మద్రాసు నుంచి కె.ఎన్. కేసరి గారి 'గృహలక్ష్మి' వచ్చాయి. స్త్రీ విద్య కోసం ఈ పత్రికలు చేసిన మేలు మనకి తెలుసు. మన తొలి రచయిత్రులు చాలామంది వాటిలోనే కలం పట్టారు. అదే చేత్తో ఇవి ఒక ఇల్లాలిని కూడా తయారుచేశాయి. చదువుకున్న స్త్రీ ఎందుకు కావాలి? ఇల్లు శుభ్రంగా, ఆరోగ్యంగా, పొదుపుగా నడపడానికి. కూర తరగడం, పాలు కాచడం, గుడ్డ కుట్టడం ఒక విజ్ఞానంగా, సచ్చరిత్రగా మారాయి. పారేయకపోవడం అవసరంగా ఉన్నంత కాలం దాన్ని ఎవరూ మెచ్చుకోలేదు. మధ్యతరగతి ఇల్లాలి గుణంగా రాసుకున్నాకే అది మెచ్చుకోలుకి పాత్రమైంది. ఆ పత్రికల పాఠకురాలు చాలావరకు పై కులాల ఇంటి స్త్రీ అని మరవకూడదు. వాటిలో 'పొదుపు' అంటే ఆమె పొదుపు. ఆమె ఇంట్లో ఆ పనుల్లో బరువైనవి చేసినవాళ్ళు ఆ పేజీలు చదవలేదు.

(పొదుపు అన్న మాటకి తర్వాత ఇంకో చరిత్ర కూడా ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సారా వ్యతిరేకోద్యమం లేచింది. ఉద్యమించిన ఆడవాళ్ళని ప్రభుత్వం ఆ తర్వాత పొదుపు సంఘాల్లోకి మళ్ళించింది. నెల్లూరులో వాటికి 'పొదుపు లక్ష్మి' అని పేరు. రాష్ట్రం ఆదాయ వనరుని ప్రశ్నించిన స్త్రీలు రోజుకో రూపాయి దాచుకునే లక్ష్ములయ్యారు. ఖర్చు తగ్గించుకోమని చెప్పాల్సి వచ్చినప్పుడల్లా మనవాళ్ళకి ముందు ఆడవాళ్ళే గుర్తుకొస్తారు.)

ఇల్లాలి దగ్గరే ఆగితే ఈ చరిత్ర సగమే అవుతుంది. దళిత స్త్రీవాదులు మన వ్యాసాలకి ఎన్నోసార్లు గుర్తుచేసిన సంగతి ఇది. 'ఇంటి చాకిరీ' అని మనం రాసినప్పుడు ఎవరింటి చాకిరీ, ఎవరింట్లో చాకిరీ అని వాళ్ళు అడిగారు. జూపాక సుభద్ర 'కొంగు' కవిత చదివిన వాళ్ళకి ఒక్క గుడ్డ ముక్క శ్రమ చేసే ఆడమనిషికి ఎన్ని పనులకి వస్తుందో వేరే చెప్పక్కర్లేదు. ఒకే వస్తువుని పది రకాలుగా వాడుకోవడాన్ని ఆ కవితలో ఎవరూ అలవాటుగా నేర్పలేదు.

నిజాం పాలనలోని తెలంగాణ పల్లెల్లో దొర గడిని ఒకసారి ఇప్పటి కళ్ళతో చూడండి. మట్టి కుండలు, తోలు చెప్పులు, చేనేత బట్టలు, ఊళ్ళోనే ఉతికే బట్టలు. కొనుక్కొచ్చిన చెత్త అంటూ ఏమీ లేదు. ఆ ఇల్లు ఎలా నడిచిందో పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువరించిన తెలంగాణ పోరాట చరిత్రలో ఉంది. కుమ్మరి కుండలు ఉచితంగా ఇవ్వాలి. చెప్పులు, తోలు సామాను చేసేవాళ్ళు వాటిని ఉచితంగా ఇవ్వాలి. నేతవాళ్ళు బట్టలివ్వాలి. చాకలివాళ్ళు దొర ఇంట్లో బట్టలుతకడమే కాదు, అంట్లూ తోమాలి. దాని పేరు వెట్టి. స్థానికంగా తయారైనవే వాడే, ఏదీ వృథా కానివ్వని ఆ ఇంటి వెనక ఊరంతటి కూలి లేని పని ఉంది.

బట్టలుతికే పనిలో సబ్బు రావడానికి ముందు చౌడు మట్టి ఉంది. చౌడు కలిపిన నీళ్ళలో బట్టలు నానబెట్టి, బానలో పెట్టి ఉబ్బ వేసి, రేవులో బండ మీద బాది ఉతికేవారు. ఇప్పుడు దీన్ని 'సహజ ఉతుకు' అని ఎవరైనా రాయొచ్చు. పురుటి గుడ్డలు, ముట్టు గుడ్డలు ఉతికే పని చాకలి ఆడవాళ్ళది. ఊరి మైలని మోయడం వాళ్ళ కులధర్మం అన్నారు. ఆ కులంలోంచే వచ్చిన అయిలమ్మ పాలకుర్తిలో కౌలుకి తీసుకున్న భూమిలో పంటని విసునూరు దేశముఖ్ పట్టుకుపోకుండా అడ్డం నిలబడింది. ఆమె కథని మనం భూపోరాట కథగా చెప్పుకుంటాం. ఇంకొకరి బట్టల దగ్గర ఆగిపొమ్మన్న చేతులు తన పంట మీద హక్కు అడగడమూ ఆ కథలో ఉంది.

1959లో హిందుస్తాన్ లీవర్ సర్ఫ్‌ని, 1969లో కర్సన్‌భాయ్ పటేల్ నిర్మాని తెచ్చారు. నురగతో చెరువులు పాడయ్యాయని, చవక పొడి వల్ల కులవృత్తులు దెబ్బతిన్నాయని అంటారు. రెండూ నిజమే. ఇంకో నిజం కూడా వినాలి. రజక కులానికి చెందిన ఒక పెద్దావిడతో వరంగల్ దగ్గర మాట్లాడుతూ పాత రోజుల ఉతుకు గురించి అడిగాను. చౌడు, బాన, రేవు గురించి వివరంగా చెప్పింది. ఆ పని పోయినందుకు బాధగా ఉందా అని అడిగితే నా వైపు వింతగా చూసింది. "బట్టలు పోయినయని బాధ లేదు బిడ్డా. మా మనవరాలు బ్యాంకుల నౌకరి చేస్తది. దాని బట్టలు మిషన్ల ఏసుకుంటది. ఎవరియి వాళ్ళు ఉతుక్కుంటె సాలు" అంది.

ఎరువు గురించి మాట్లాడేటప్పుడూ ఈ దృష్టి కావాలి. ప్రతి పల్లె ఇంటి వెనకా పెంటకుప్ప ఉండేది. కసవు, పేడ, బూడిద, ఎంగిలాకులు అన్నీ అక్కడికే. ఏడాది తర్వాత అదే పొలానికి ఎరువు. ఈ జ్ఞానాన్ని 'ఇండోర్ పద్ధతి'గా ప్రపంచానికి తెలిపిన శాస్త్రవేత్తగా ఆల్బర్ట్ హోవర్డ్ ప్రసిద్ధుడు. 1931లో యశ్వంత్ వాడ్‌తో కలిసి పుస్తకం రాశాడు. పూసాలోనూ ఇండోర్‌లోనూ ఆయనతో సమానంగా పరిశోధనలు చేసిన వృక్షశాస్త్రవేత్త, ఆయన భార్య గాబ్రియెల్ హోవర్డ్ ఆ పుస్తకం రాకముందే 1930లో చనిపోయింది. సేంద్రియ వ్యవసాయం చరిత్రలో ఆమె పేరు వెతుక్కోవాలి. ఇక గంప నెత్తిన పెట్టుకుని రోజూ పెంటకుప్ప దాకా నడిచిన మన ఆడవాళ్ళ పేరు వెతకడానికి చోటే లేదు.

మరో బూడిద కూడా ఉంది. పొడి మరుగుదొడ్లలో మలం మీద చల్లిన బూడిద. దాన్ని రేకుతో ఎత్తి, తట్టలోకి వేసి, నెత్తిన మోసినవాళ్ళలో ఎక్కువమంది స్త్రీలు. కోలార్ బంగారు గనుల్లో తెలుగు మాట్లాడే పాకీ కార్మికుల కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఈ పని ఆపించడానికే సఫాయి కర్మచారీ ఆందోళన్‌ని నిర్మించారు. 1993లో ఒక చట్టం, 2013లో మరో చట్టం వచ్చాయి. నీళ్ళు ఆదా చేసే, మలాన్ని మట్టికి తిరిగి చేర్చే మరుగుదొడ్ల గురించి ఈ రోజుల్లో వ్యాసాలు చదువుతున్నప్పుడు నాకు ముందు ఈ చట్టాలే గుర్తొస్తాయి. ఆ సాంకేతికత చెడ్డదని కాదు. తట్ట ఎవరి నెత్తిన పెడతారన్నది మన దేశంలో కులం తేల్చిపెట్టిన విషయం. దాన్ని తేల్చకుండా ఏ వ్యర్థం గురించీ మాట్లాడలేం.

ముట్టు గుడ్డల దగ్గరికి వస్తాను. మెత్తటి పాత చీర ముక్కలు మడిచి వాడుకోవడం, ఉతికి మళ్ళీ వాడుకోవడం మన తల్లుల తరం వరకూ మామూలు. ఇప్పుడు గుడ్డ ప్యాడ్లు, సిలికాన్ కప్పులు పర్యావరణం పేరుతో తిరిగి వచ్చాయి. మిషన్ లైఫ్ జాబితాలోనూ కప్పు ప్రస్తావన ఉంది. ప్యాడ్లలోని ప్లాస్టిక్ గురించి ఆందోళన సరైనదే. కానీ ఆనాటి ఇబ్బంది గుడ్డతో రాలేదు. ఎండలో ఆరేసే హక్కు లేకపోవడంతో వచ్చింది. చీకటి కొట్లో, చీరల కింద, చూరులో దాచి ఆరీ ఆరని గుడ్డ కట్టుకున్నారు. సబ్బూ, నీళ్ళూ, తలుపున్న గది, నలుగురి ముందూ దండెం మీద ఆరేసే ధైర్యం ఉన్న అమ్మాయికి గుడ్డ మంచి ఎంపిక. అవేవీ లేని హాస్టలు పిల్లకి ప్యాడే స్వేచ్ఛ. దానికి ఆమెని తప్పుపట్టే నైతిక అధికారం ఎవరికీ లేదు. అదే సమయంలో వాడిన ప్యాడ్‌ని విప్పి వేరు చేయాల్సి వచ్చే మనిషి సంగతీ ఉంది. పుణెలో చెత్త ఏరుకునే స్త్రీల సహకార సంఘం 'స్వచ్ఛ్' వాళ్ళు, కాగితంలో చుట్టి పైన ఎర్ర చుక్క పెట్టి ఇవ్వమని ఇళ్ళవాళ్ళని అడిగారు. పొట్లం విప్పి చూడకుండానే లోపలేముందో తెలియాలి, అంతే వాళ్ళ కోరిక. ఇన్ని జాబితాల్లో నాకు బాగా నచ్చిన అలవాటు ఇదొక్కటే. దీన్ని చెత్త ముట్టుకునే మనుషులే రూపొందించారు.

అన్నం సంగతి చెప్పకుండా ఈ వ్యాసం పూర్తి కాదు. చద్దన్నం, తరవాణి ఇప్పుడు పోషకాహార నిపుణుల నోట గొప్ప ఆహారం అయ్యాయి. అవి గొప్పవే కావచ్చు. అయితే రాత్రి మిగిలింది పొద్దున ఎవరు తిన్నారు? ఇంట్లో కోడలు, పొలంలో పాలేరు, గిన్నెలు తోమడానికి వచ్చిన మనిషి. మగవాళ్ళకీ పిల్లలకీ వేడన్నం వడ్డించాక, గిన్నె అడుగున మిగిలింది ఆడవాళ్ళు తినడం మనకి ఆచారం. మిగలకపోతే మంచినీళ్ళు. ఆహారం వృథా కాని ఇళ్ళు మనవి, నిజమే. వృథా కాకుండా ఆడవాళ్ళ పొట్టలే చూసుకున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తహీనతకి కారణాలు అనేకం. చివర తినడం వాటిలో ఒకటి. చిన్న పళ్ళెంలో తినమన్న సలహా చదివినప్పుడు, అసలు పళ్ళెమే పెట్టుకోకుండా గిన్నెలోనే కలుపుకుని నిలబడి తినేసిన మా పెద్దమ్మ గుర్తొచ్చింది.

స్త్రీలకీ ప్రకృతికీ సహజమైన దగ్గరితనం ఉందని, ఈ పనుల్లో ఆ బంధమే కనిపిస్తుందని అనేవాళ్ళు మనలోనూ ఉన్నారు. వందనా శివ 1988లో రాసిన 'స్టేయింగ్ అలైవ్' ఈ ఆలోచనకి బలం ఇచ్చింది. బీనా అగర్వాల్ 1992లో దీనికి రాసిన జవాబు నాకు ఎక్కువ నచ్చుతుంది. అడవితో, నీటితో, నేలతో స్త్రీల సంబంధం వాళ్ళ పని నుంచి, వాళ్ళకి ఉన్న లేదా లేని ఆస్తి నుంచి వస్తుందని, అందువల్ల అది కులాన్ని, వర్గాన్ని, ప్రాంతాన్ని బట్టి మారుతుందని ఆమె అన్నారు. ఆ మాట ప్రకారం చూస్తే మా అమ్మమ్మకి బూడిదతో బంధం లేదు. అంట్లతో ఉంది.

ఈ పనుల్ని గౌరవంగా చేయడం కుదరదా అంటే, కుదురుతుంది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల స్త్రీలు ఎక్కువగా దళితులు, చిన్న కమతాల రైతులు. విత్తనాలు వాళ్ళూ బూడిద, వేపాకు కలిపే దాచుకున్నారు. మట్టీ పేడా అలికిన గుమ్ముల్లోనే పోసుకున్నారు. చేతి పని అదే. తేడా ఎక్కడ? పడావు పడ్డ తమ భూముల్ని వాళ్ళు సాగులోకి తెచ్చుకున్నారు, ఏం విత్తాలో వాళ్ళే తేల్చుకున్నారు, పండిన జొన్నలూ కొర్రలూ ఎవరికి పంచాలో వాళ్ళే నిర్ణయించారు. ఏటా పాత పంటల జాతరలో ఎడ్లబండ్ల మీద విత్తనాలు ఊరేగించారు. 2008లో సొంత రేడియో పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ళ ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఎవరింట్లోనో చేస్తే చాకిరీ అయ్యే పని, నిర్ణయం తమ చేతిలో ఉన్నచోట విద్య అయింది.

నిర్ణయం చేతిలో ఉండటానికి ముందు తీరిక ఉండాలి. 2024 జాతీయ కాల వినియోగ సర్వేలో, ఇంటిపని చేసిన స్త్రీలు దానికి రోజుకి సగటున 289 నిమిషాలు వెచ్చించారు. చేసిన మగవాళ్ళు 88 నిమిషాలు. ఈ 289 నిమిషాల మీదే ఇప్పుడు చెత్త వేరు చేయడం, ఎరువు కలియబెట్టడం, గుడ్డ ప్యాడ్లు ఉతకడం, చిరుధాన్యాలు నానబెట్టడం వచ్చి చేరతాయి. 'చిన్న అలవాటు' అని పేరు పెట్టినంత మాత్రాన దానికి పట్టే నిమిషాలు తగ్గవు. ఇక మనిషి మనిషికీ 'కర్బన పాదముద్ర' లెక్కగట్టుకునే పద్ధతిని జనంలోకి పెద్దయెత్తున తెచ్చిన వాటిలో 2000ల మధ్యలో బి.పి. అనే చమురు కంపెనీ చేసిన ప్రకటనలు ముఖ్యమైనవి. చమురు తీసేవాళ్ళు లెక్కలు ఇంటికి పంపించారు. ఇంట్లో లెక్కలు చూసేదెవరో మనకి తెలిసిందే.

హైదరాబాదులో నేనుండే అపార్టుమెంటులో రెండేళ్ళ కింద కంపోస్టు గుంత తవ్వారు. తడిచెత్తకి ఆకుపచ్చ డబ్బా, పొడిచెత్తకి నీలం డబ్బా. సంఘం సమావేశంలో అందరం చేతులెత్తాం. మొదటి వారం తర్వాత రెండు డబ్బాల్లోనూ అన్నీ కలిసే ఉన్నాయి. వాచ్‌మన్ భార్య గుంత పక్కన కూర్చుని ఉత్త చేతులతో పెరుగు ప్యాకెట్లు, టీ పొడి, డైపర్లు వేరు చేస్తోంది. అది ఆమె పని అని ఎవరూ చెప్పలేదు, ఆమె పని కాదనీ ఎవరూ చెప్పలేదు. మూడో నెలలో ఆమే సంఘం కార్యదర్శి దగ్గరికి వెళ్ళి, "సార్, ఇది మా ఆయన జీతంల లేదు గదా, నాకు వేరే ఇయ్యాలె" అని అడిగింది. ఎరువు అందరి మొక్కలకీ ఉచితంగా వస్తున్నప్పుడు జీతమెందుకన్నారు కొందరు. ప్రకృతి కోసం చేసే పనికి డబ్బు అడగడమేమిటని ఒకావిడ నొచ్చుకుంది. నాలుగు సమావేశాలు పట్టింది. ఇప్పుడు నెలవారీ ఖర్చుల పట్టీలో లిఫ్టు మరమ్మతుకీ నీటి ట్యాంకరుకీ మధ్య ఆమె పేరుతో ఒక వరస ఉంది. రబ్బరు చేతొడుగులు ఎవరు కొనాలన్నది ఇంకా తేలలేదు.